సర్దార్ చూపు, చాటన్ చూపు

‘సూపర్‌వైజరీ’ అనే ఇంగ్లిషు విశేషణానికి నిఘంటువు ‘పర్యవేక్షక’, ‘పర్యవేక్షణకు సంబంధించిన’ అని అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఆఫీసు కాగితాలు చదువుకునే మనిషికి అంతకన్నా అక్కర కూడా లేదు. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల్లో మాత్రం ఈ మాట అంత సాధువైనది కాదు. జీతం, యూనియన్, పీఎఫ్, పింఛను, కోర్టు కేసు, అన్నిటి దగ్గరా ఎక్కడో ఒకచోట తగులుతుంది. గోదావరికి అటూ ఇటూ ఉన్న బొగ్గుబాయిల్లో, అంటే రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వైపు, దాని తీరు ఒకటి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ చుట్టుపక్కల బీడీలు చుట్టే ఇళ్లలో దాని తీరు ఇంకొకటి.

ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూసిన రాతలు అరుదు. బొగ్గుది ఎక్కువగా మగవాళ్ల లోకం, జెండాలూ గేటు మీటింగులూ ఉన్న లోకం. బీడీది ఆడవాళ్ల లోకం, అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని గడిచిపోయే లోకం. ఒకదాని మీద కథలు, నవలలు, పాటలు దండిగా వచ్చాయి. రెండోదానికి ఆ భాగ్యం తక్కువ. కానీ చట్టపు పుస్తకాలు తెరిస్తే రెండూ ఒకే ప్రశ్న దగ్గర ఎదురుపడతాయి: ఒకరి పనిని మరొకరు చూడటం అంటే ఏమిటి? ఆ చూపుకు బాధ్యత ఎవరిది? ఆ చూపు వల్ల నష్టమొస్తే ఎవరు భరించాలి?

నా మట్టుకు ఈ మూడో ప్రశ్నే అసలు కొలబద్ద. కోర్టులు మొదటి ప్రశ్న చుట్టూనే చాలాకాలం తిరిగాయి.

ముందు బొగ్గు సంగతి. బాయిలో షిఫ్టు మొదలయ్యే ముందు రెండు గంటల లోపల మైనింగ్ సర్దార్ తన డిస్ట్రిక్టు మొత్తం తిరిగి చూడాలి. డిస్ట్రిక్టు అంటే ఇక్కడ జిల్లా కాదు, భూమి లోపల ఒక సర్దార్‌కు అప్పజెప్పిన పనిచోట్లు. కప్పును కర్రతో తట్టి వింటాడు. గట్టి రాయి ఖంగున పలుకుతుంది. పొర విడిపోయిన చోట చప్పుడు దొల్లగా వస్తుంది. గ్యాసు ఉందేమోనని సేఫ్టీ దీపం వత్తిని తగ్గించి, మంట చుట్టూ నీలిరంగు టోపీ కనిపిస్తుందేమో చూస్తాడు. గాలి ఆడుతున్నదా, ఆసరాలు సరిగా ఉన్నాయా, నీరు చెమరుస్తున్నదా అన్నీ చూసుకుని పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ప్రమాదం అనిపిస్తే మనుషులను ఆ చోటు నుంచి బయటికి పంపే అధికారం అతనిది. అతని మీద ఓవర్‌మన్, ఆ పైన అండర్ మేనేజర్, ఆ పైన మేనేజర్. సర్దార్ కావాలంటే ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అంటే ఇది కంపెనీ దయతో ఇచ్చిన హోదా కాదు, చట్టం కట్టబెట్టిన కొలువు. బాయి మీది భాషలో దానికి పేరే ‘స్టాట్యూటరీ’ పోస్టు.

ఇప్పుడు ఈ సర్దార్‌ను తీసుకొచ్చి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ముందు నిలబెట్టండి. ఆ చట్టం ‘వర్క్‌మన్’ అంటే ఎవరో చెబుతూ, సూపర్‌వైజరీ హోదాలో ఉండి ఫలానా మొత్తానికి మించి జీతం తీసుకునేవాడు వర్క్‌మన్ కాడని పక్కకు నెట్టింది. ఆ మొత్తం 1956 సవరణలో 500 రూపాయలు, 1984 నుంచి 1,600, 2010లో 10,000. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని 18,000 చేసింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ధరలూ జీతాలూ ఎక్కడికో పోయాయి, ఈ అంకె మాత్రం కుంటుకుంటూ వాటి వెనక వస్తున్నది. ఈనాడు సింగరేణి బొగ్గు కంపెనీలో పర్మినెంటు సర్దార్ జీతం ఆ గీతకు చాలా పైన ఉంటుంది. కాబట్టి అతనికి డబ్బు గీత రక్షణ ఇవ్వదు. మిగిలిందల్లా విశేషణమే. అది అంటుకుంటే కార్మికుడు కాదు, అంటుకోకపోతే కార్మికుడు.

చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, ఆ చట్టం కింద ఉద్యోగం పోయినప్పుడు లేబర్ కోర్టు తలుపు తట్టే హక్కు దీనిమీదే ఆధారపడింది. అందుకే ఈ మాట అర్థం కోసం దేశంలో యాజమాన్యాలూ ఉద్యోగులూ సుప్రీంకోర్టు దాకా కొట్లాడుకున్నారు. విచిత్రం ఏమిటంటే, నియామక పత్రం ఇచ్చేటప్పుడు ‘నువ్వు సూపర్‌వైజర్‌వి’ అని యాజమాన్యం భుజం తడుతుంది, తీసేసేటప్పుడు కూడా అదే మాట అంటుంది. ఉద్యోగి మాత్రం చేరేటప్పుడు ఆ మాటకు మురిసి, పోయేటప్పుడు దాన్ని విదిలించుకోవడానికి తంటాలు పడతాడు.

కోర్టులు ఇక్కడ చాలావరకు నిదానంగానే నడిచాయి. లాయిడ్స్ బ్యాంక్ కేసులో ఆడిట్ విభాగం గుమాస్తాలు ఇతరులు రాసిన లెక్కలను సరిచూసేవాళ్లు. పేరు చూస్తే పర్యవేక్షణే. సుప్రీంకోర్టు ఆ పేరును పక్కన పెట్టి, అంకెలు సరిచూడటం యాంత్రికమైన పని, పర్యవేక్షకుడంటే తన కింద మనుషులుండాలి, వాళ్ల పనిని నడిపించే అధికారం ఉండాలి అన్నది. ఆనంద్‌బజార్ పత్రిక కేసులో ప్రావిడెంట్ ఫండ్ సెక్షన్ చూసుకునే ఉద్యోగిదీ దాదాపు అదే వరస. 1984లో డెల్టన్ కేబుల్ కేసులో సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్‌ను, 1985లో సీబా గైగీ కేసులో మరొక ఉద్యోగిని కార్మికులుగానే లెక్కగట్టారు. ఈ తీర్పులన్నిటి సారం: పలకమీది పేరు చూడకు, రోజంతా ప్రధానంగా ఏ పని చేస్తున్నాడో చూడు.

సరే, సర్దార్ రోజంతా ప్రధానంగా చేసే పనేమిటి? చూడటమే. కింద మనుషులున్నారు, ఆపే అధికారం ఉంది, పుస్తకం ఉంది, సంతకం ఉంది. లాయిడ్స్ బ్యాంక్ గీటురాయి మీద గీస్తే అతను నూటికి నూరుపాళ్లు పర్యవేక్షకుడు. కానీ బొగ్గు పరిశ్రమ అతన్ని కార్మికుల బల్ల దగ్గరే కూర్చోబెట్టింది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో ‘టెక్నికల్ అండ్ సూపర్‌వైజరీ’ గ్రేడ్లున్నాయి. సర్దార్లు, ఓవర్‌మన్‌లు వాటిలో ఉంటారు. యాజమాన్యంతో ఒప్పందం కుదుర్చుకునేది కార్మిక సంఘాలు. ఆ ఒప్పందం కింద జీతం తీసుకునేది సూపర్‌వైజరీ గ్రేడువాడు. ఒక చట్టం ఏ విశేషణంతో మనిషిని గడప దాటిస్తుందో, అదే విశేషణాన్ని బొగ్గు ఒప్పందం గడప లోపల కుర్చీగా వేసింది.

దీన్ని పొరపాటు అనుకోను. బాయి లోపలికి దిగినవాళ్లకు తెలిసిన ఒక నిజం అందులో ఉంది: సర్దార్ నిలబడేది అదే కప్పు కింద. 2022 మార్చి 7న పెద్దపల్లి జిల్లా అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఏరియా సేఫ్టీ అధికారి ఉన్నారు. ఒక కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. చూడటానికి వెళ్లినవాణ్నీ, పని చేయడానికి వెళ్లినవాణ్నీ రాయి వేరుచేసి చూడలేదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు విరుచుకుపడి 17 మంది పోయినప్పుడు కూడా అంతే, నీటికి గ్రేడులు లేవు.

పారిశ్రామిక వివాదాల చట్టం ముందు సర్దార్‌ను పైకి లేపే విశేషణం, 1952 నాటి గనుల చట్టంలో అతని మెడకు చుట్టుకునేది. ఆ చట్టం 18వ సెక్షన్‌లో ఒక కఠినమైన నియమం ఉండేది. ఎవరైనా నిబంధన ఉల్లంఘిస్తే, ఉల్లంఘించినవాడితో పాటు, దాన్ని పర్యవేక్షించే బాధ్యత ఉన్న అధికారి, మేనేజర్, యజమాని, ఏజెంటు కూడా దోషులేనని భావించేవారు. తాము తగిన శ్రద్ధ తీసుకున్నామని నిరూపించుకోవాల్సిన భారం వాళ్లదే. ఆ వరసలో మొట్టమొదట పేర్కొన్నది పర్యవేక్షణకు నియమితులైన వాళ్లను. యజమాని తరువాత వస్తాడు. చట్టం రాసినవాళ్లు ఏ ఉద్దేశంతో ఆ వరస పెట్టారో గానీ, ప్రమాదం తరువాత విచారణ జరిగేటప్పుడు వేలు మొదట సర్దార్ పుస్తకం వైపే పోతుంది. నిన్నటి షిఫ్టులో ఏం రాశాడు? కప్పు బాగుందని రాశాడా? సంతకం ఉందా? రాసినదాన్ని నమ్మి లోపలికి పంపిన పైవాళ్ల సంగతి ఆ తరువాత.

ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. ఉత్పత్తి టార్గెట్ నిర్ణయించేది సర్దార్ కాదు. ఎన్ని రూఫ్ బోల్టులు కొనాలో, ఏ యంత్రం ఏ దారిన నడపాలో, బొగ్గు తవ్వే ఏ ఫేసు ఎంత వేగంగా కదలాలో అతని చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది ‘ఆపు’ అనే ఒక్క మాట. ఆ మాట అన్నరోజు ఉత్పత్తి పడిపోతే మరుసటి రోజు జవాబు చెప్పుకోవాల్సింది అతనే, అనకపోతే విచారణలో నిలబడాల్సిందీ అతనే. కాబట్టి గనుల చట్టంలో పర్యవేక్షణ అంటే నిర్ణయించే శక్తి లేకుండా సమాధానం చెప్పే బాధ్యత. వివాదాల చట్టంలో అదే మాటకు అర్థం యాజమాన్యానికి దగ్గరి బంధువు. ఒకే మనిషి మీద రెండు చట్టాలూ రెండు అర్థాలు పెట్టాయి. రెంటిలోనూ నష్టపోయేది అతనే కావడం యాదృచ్ఛికం అనిపించదు.

ఇక బీడీ. ఇక్కడ ‘సూపర్‌వైజరీ’ గ్రేడు లేదు, సర్టిఫికెట్ లేదు. అసలు ఇంట్లో కూర్చుని బీడీ చుట్టే ఆమె పక్కన ఎవరూ నిలబడరు. కంపెనీ ఆకు, తంబాకు, దారం ఇస్తుంది. ఆమె ఆకు తడిపి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మలుస్తుంది. 25 బీడీలు ఒక కట్ట. కూలి లెక్క వెయ్యికి. పొద్దుగాల వంట చేసి, పిల్లలను బడికి తోలి, మళ్లీ చాట ముందేసుకుంటుంది. మధ్యలో లేచి నీళ్లు పట్టుకుంటుంది. ఎవరూ అడగరు. ఈ ‘ఎవరూ అడగరు’ అన్నదాన్ని పట్టుకునే యజమానులు దశాబ్దాలపాటు కోర్టుల్లో వాదించారు: మేము ఆమె పనిని పర్యవేక్షించడం లేదు, కాబట్టి ఆమె మా కార్మికురాలు కాదు, స్వతంత్రంగా పని చేసుకునే మనిషి.

బొగ్గు దగ్గర, ‘నువ్వు చూస్తున్నావు కాబట్టి కార్మికుడివి కావు’ అన్న వాదన. బీడీ దగ్గర, ‘నిన్ను ఎవరూ చూడటం లేదు కాబట్టి నువ్వు కార్మికురాలివి కావు’ అన్న వాదన. పర్యవేక్షణ ఉన్నా కార్మికుడు కాడు, లేకపోయినా కాదు. రెండు వాదనలూ చేసింది ఒక కంపెనీ కాదు గానీ, రెంటినీ నడిపించిన తెలివి ఒక్కటే.

బీడీ వాదనకు పునాది గుజరాత్ ఉప్పుమడుల దగ్గర పడింది. 1957లో రిపోర్టయిన ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కేసులో, ఉప్పు పండించే అగరియాలు కార్మికులే అని సుప్రీంకోర్టు చెప్పింది. పని ఎలా చేయాలో నిర్దేశించే, అజమాయిషీ చేసే హక్కు యజమానికి ఉందా లేదా అన్నదే అక్కడ పరీక్ష. మంచి తీర్పే, కానీ ఆ పరీక్ష తరువాత బీడీ దగ్గర చిక్కులు పెట్టింది. 1958లో చింతామన్ రావు కేసు వచ్చింది. కంపెనీ దగ్గర ఆకు, తంబాకు తీసుకుపోయి బయట బీడీలు చేయించి తెచ్చే సట్టేదార్లు కార్మికులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు అని తీర్పు. ఆ తీర్పు రాసింది కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి. నాగపూర్ బీడీ కార్మికులకు సంబంధించిన బిర్దీచంద్ శర్మ కేసులో మాత్రం 1961 నాటికి కోర్టు కొంచెం జరిగింది: కార్ఖానాకు వచ్చి చుట్టేవాళ్లు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయినా కార్మికులే అన్నది. ఆ వెంటనే శంకర్ బాలాజీ వాజే కేసులో మెజారిటీ న్యాయమూర్తులు మళ్లీ వెనక్కి తిరిగారు. వేళలు లేవు, అదుపు లేదు, కాబట్టి ఫ్యాక్టరీల చట్టం కింద కార్మికుడు కాడు అన్నారు. ఆ బెంచిలో ఒప్పుకోకుండా విడిగా రాసినవారు సుబ్బారావు గారే.

సట్టేదారును కాంట్రాక్టర్ అన్న కలమే, చుట్టేవాణ్ని కార్మికుడు అన్నది. మాట మార్చారని కొందరికి అనిపించవచ్చు. నాకు అలా అనిపించదు. మధ్యలో లాభం చూసుకునేవాణ్నీ, చేతితో చుట్టేవాణ్నీ ఒకే తక్కెడలో వేయకూడదని ఆయన గుర్తించినట్టే ఉంది. మిగిలిన న్యాయమూర్తులు గడియారం వైపు చూశారు, సుబ్బారావు చెయ్యి వైపు చూశారు.

అసలు మలుపు తెలంగాణ చట్టం మీద వచ్చిన ఒక దర్జీల కేసులో వచ్చింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు అది. తెలంగాణ ప్రాంతానికి వర్తించిన 1951 నాటి దుకాణాల చట్టం కింద పుట్టిన వివాదం. దర్జీలకు పీసు రేటు, వచ్చే వేళ పోయే వేళ లేదు, పని లేనిరోజు వేరేచోట కుట్టుకోవచ్చు, కొందరు బట్ట ఇంటికి తీసుకుపోయేవాళ్లు. అయినా వాళ్లు ఉద్యోగులే అన్నది సుప్రీంకోర్టు. జస్టిస్ కె.కె. మాథ్యూ చెప్పిన కారణాల్లో బీడీకి పనికొచ్చింది ఒకటుంది: కుట్టినది నచ్చకపోతే తిప్పికొట్టే హక్కు యజమానికి ఉన్నప్పుడు, అదుపు ఉన్నట్టే. పక్కన నిలబడి చూడనక్కర లేదు.

1974లో మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో ఈ వాదన పూర్తిగా బీడీ ఇంటికి చేరింది. 1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇళ్లలో చుట్టేవాళ్లను కూడా కార్మికులుగా లెక్కించింది. యజమానులు దాన్ని సవాలు చేశారు. కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 1977లో పీఎఫ్ చట్టాన్ని బీడీకి వర్తింపజేశారు, దాని మీదా కేసు వేశారు; 1985లో పి.ఎం. పటేల్ కేసులో ఇళ్లలో చుట్టేవాళ్లకూ పీఎఫ్ వర్తిస్తుందని తేలింది. అక్కడా నిలబెట్టిన మాట అదే, తిప్పికొట్టే హక్కు.

తిప్పికొట్టడం అంటే ఏమిటో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు. దాని పేరు చాట్. ఖార్ఖానాలో చాటన్ చేసే మనిషి కట్ట తీసుకుని అరచేతిలో తడతాడు. పొడవు సమంగా ఉందా, నడుము గట్టిగా ఉందా, మూతి విడిపోయిందా, ఆకు చిల్లుపడిందా, లోపల తంబాకు తక్కువై బోలుగా ఉందా అన్నది వేళ్లకే తెలిసిపోతుంది. నచ్చని బీడీని పక్కకు విసురుతాడు. అరగంటలో ఆమె దినమంతా చుట్టినది చూడటం అయిపోతుంది. చాట్ చేసిన బీడీలకు కూలి కోసేసి, బీడీలు మాత్రం తిరిగి ఇవ్వరన్నది చాలాచోట్ల వినిపించే ఫిర్యాదు. ఆకు బాగాలేక బీడీ చెడితే ఆ తప్పు ఎవరిది? అడవిలో తునికాకు కోసి యాభై యాభై ఆకుల కట్టలుగా కల్లంలో పరిచినప్పుడు కల్లేదారు ఒకసారి చూస్తాడు, గోదాములో ఇంకొకరు చూస్తారు. ఇందరు చూసి పంపిన ఆకు తక్కువరకమైతే, చివరికి దాని ధర కట్టేది చాట ముందు కూర్చున్న ఆమె.

గణేశ్ బీడీ కేసులో సవాలైన వాటిలో మహారాష్ట్ర, మైసూరు రాష్ట్రాల నిబంధనలు ఉన్నాయి. సాధారణంగా నూటికి ఐదు బీడీలకు మించి చాట్ తీయకూడదు, కార్మికురాలు కావాలని చేసిన నిర్లక్ష్యం లేకపోతే చాట్ బీడీలకు కూడా సగం కూలి ఇవ్వాలి అన్నవి. ‘చాట్’ అన్న ఖార్ఖానా మాటే ఆ ఇంగ్లిషు నిబంధనల్లోకి ఎక్కింది. అసలు చట్టంలోనే 39వ సెక్షన్ కింద, ఇచ్చిన సరుకు గురించీ చాట్ గురించీ తగాదా వస్తే అక్కడికక్కడే తేల్చే అధికారిని రాష్ట్రాలు పెట్టుకోవాలని ఉండేది. గనుల చట్టంలో సర్దార్ దగ్గర ఆగిపోయిన పని, ఈ చట్టం కొంత చేసింది. చూపుకు ఒక హద్దు గీసింది, ఆ చూపు ఖరీదులో సగాన్ని యజమాని మీద వేసింది. నా లెక్కలో బీడీ చట్టం ఈ విశేషణాన్ని బాగా చదువుకున్న చట్టం. అమలు సంగతి వేరే చెప్పుకోవాలి.

ఇక్కడ రెండు తీర్పులను ఎదురెదురుగా పెట్టి అడగాలి. లాయిడ్స్ బ్యాంక్ కేసు ప్రకారం, ఇతరులు చేసినదాన్ని సరిచూడటం పర్యవేక్షణ కాదు. గణేశ్ బీడీ కేసు ప్రకారం, చేసినదాన్ని సరిచూసి తిప్పికొట్టడమే పర్యవేక్షణ. మరి చాటన్ చేసే మనిషి ఎవరు? అతనూ జీతగాడే; అతని కింద మనుషులు లేరు, ఎవరినీ పనిలోంచి తీయలేడు. మొదటి తీర్పు అతన్ని మామూలు కార్మికుడు అంటుంది. రెండో తీర్పు అతని వేళ్లలోనే యజమాని కన్ను ఉందంటుంది. పైకి పొసగవు గానీ, రెండూ నిజమే. మొదటి కేసులో కోర్టు అడిగింది ఒక మనిషి హోదా గురించి, రెండో కేసులో అడిగింది ఒక సంబంధం గురించి. చూసేది చాటన్ వాడే, ఆ చూపు మాత్రం కంపెనీది. సర్దార్ విషయంలో గనుల చట్టం ఈ తేడాను గుర్తించి ఉంటే, విచారణలో అతని పుస్తకం తెరిచే ముందు టార్గెట్ నిర్ణయించిన కాగితం తెరిచేవారు.

గణేశ్ బీడీ తీర్పులో నాకు నచ్చని సంగతి కూడా ఉంది. ఆమెను కార్మికురాలిగా నిలబెట్టిన సాక్ష్యం ఆమెకు అత్యంత బాధ కలిగించేదే. ఆమె ఒళ్లో ఆకు కంపెనీది, తంబాకు కంపెనీది, ధర కంపెనీది, కూలి రేటు ఆమె చేతిలో లేదు. ఇన్ని ఉండగా కోర్టులు చాట్ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాయి. రేపు ఏదైనా కంపెనీ చాట్ తీయడం మానేసి, తూకం మీద ఏకమొత్తం ధర కట్టి తీసుకుంటే ఏమవుతుంది? కూలి తగ్గుతుంది, చాట్ ఉండదు, ‘అదుపు లేదు కదా’ అన్న పాత వాదన మళ్లీ పుడుతుంది. పీఎఫ్ కేసులో, దుకాణాల కేసులో కోర్టు ఇతర అంశాలను కూడా ప్రస్తావించకపోలేదు. కానీ బరువంతా చాట్ మీదే పడింది.

ఈ గొడవంతా కోర్టు గదులకే పరిమితమైతే పత్రికలో రాయనక్కర లేదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల జీవన భృతి మొదలుపెట్టింది. 2019లో అది 2,016 అయింది. అర్హతకు ఒక గీత గీశారు: 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరు ఉండాలి. పీఎఫ్ నంబరు ఉందంటే ఎవరో ఒక యజమాని ఆమెను తన కార్మికురాలని ఒప్పుకున్నట్టు. 1985 తీర్పు అంతదూరం వచ్చి ఆమె ఇంటి తలుపు కొట్టింది. కానీ అత్త బుక్కు మీద కోడలు, అక్క బుక్కు మీద చెల్లె, పక్కింటి బుక్కు మీద ఇంకొకరు చుట్టడం ఈ ఊళ్లలో అందరికీ తెలిసిందే. వాళ్ల బీడీలనూ చాటన్‌లో చూశారు, ఏరివేశారు, కూలి కోశారు. చూపు వాళ్ల మీద పడింది, పేరు మాత్రం రిజిస్టరులో పడలేదు. పర్యవేక్షణే పరీక్ష అయితే వాళ్లు ఆ పరీక్ష రోజూ రాశారు. పింఛను అధికారికి కావలసింది మాత్రం ఆ పరీక్ష ఫలితం కాదు, నంబరు.

బొగ్గు వైపు దీనికి సరిజోడు కాంట్రాక్టు కార్మికుడు. ఓపెన్‌కాస్టు గనుల్లో మట్టి తీసే పని ఎక్కువగా కాంట్రాక్టర్లదే. భూగర్భంలోనూ వాళ్ల మనుషులున్నారు. గని భద్రత నిబంధనల దృష్టిలో ఈ కార్మికుడు సర్దార్, ఓవర్‌మన్‌ల అజమాయిషీలోనే ఉంటాడు. పర్మినెంటా కాంట్రాక్టా అని కప్పు అడగనట్టే సర్దార్ కూడా అడగడు, ఆపు అంటే ఇద్దరూ ఆగాలి. మరి కంపెనీ మనిషి ఇంత దగ్గరగా అజమాయిషీ చేస్తున్నాడు కదా, నేను కంపెనీ కార్మికుణ్నే కదా అని ఆ కార్మికుడు కోర్టుకు పోతే? అంతర్జాతీయ విమానాశ్రయాల సంస్థ కేసులో 2009లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మనిషిని ఎక్కడ పని చేయాలో పంపేది కాంట్రాక్టర్ అయితే ప్రాథమికమైన అదుపు అతనిదే; పనిచోట ప్రధాన యజమాని చేసే పర్యవేక్షణ ద్వితీయమైనది, దానివల్ల అతను యజమాని ఉద్యోగి అయిపోడు.

బీడీ తీర్పుల పక్కన ఈ తీర్పు పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బీడీ దగ్గర, దినానికోసారి ఖార్ఖానాలో కట్టను తట్టి చూడటం చాలు, యజమాని–కార్మికురాలు సంబంధం నిలబడుతుంది. బాయిలో షిఫ్టు పొడుగునా కంపెనీ సర్దార్ కళ్లముందు పని చేసినా చాలదు. దగ్గరగా చూసే చూపుకు విలువ తగ్గింది, దూరంగా చూసిన చూపుకు విలువ పెరిగింది. 2009 తీర్పు కట్టిన తర్కం న్యాయవాదికి అర్థమవుతుంది. అడ్రియాలలో ఒకే కప్పు కింద పోయిన సేఫ్టీ అధికారి కుటుంబానికీ కాంట్రాక్టు కార్మికుడి కుటుంబానికీ దాన్ని వివరించడం మాత్రం కష్టం.

కొత్త కోడ్‌లు వచ్చాక ఈ మాట బతుకు ఏమవుతుందన్నది ఇప్పటి ప్రశ్న. 1966 నాటి బీడీ చట్టమూ, గనుల చట్టమూ ఇప్పుడు వృత్తి భద్రత కోడ్‌లో కలిశాయి. అందులో బీడీ భాగం ఉంది; ఇంటి దగ్గర సొంతంగా పని చేసుకునేవాళ్లకు ఆ భాగం వర్తించదన్న మినహాయింపూ ఉంది. పాత చట్టంలోనూ 43వ సెక్షన్‌లో ఇలాంటి మినహాయింపే ఉండేది, అయితే ఆ ఇంటివాళ్లు ఏదో కంపెనీకి ఉద్యోగులైతే అది వర్తించదని అక్కడే చెప్పారు. ‘సొంతంగా’ అన్నదానికి హద్దు ఎక్కడ? మళ్లీ చాట్ దగ్గరికే పోవాలి. మెట్‌పల్లిలోనో నిర్మల్‌లోనో ఒక ఆమె మీద ఈ మినహాయింపును మొదటిసారి ప్రయోగించినప్పుడు, ఆమె తరఫు వకీలు 1974 తీర్పు పట్టుకుపోతాడు, కంపెనీ వకీలు కోడ్‌లోని మాట పట్టుకుంటాడు. ఆమె వకీలుకు నేను ఇచ్చే సలహా ఒక్కటే: చాట్‌తో పాటు ఆకు లెక్క, తంబాకు లెక్క, వెయ్యికి కూలి రేటు ఎవరు నిర్ణయించారన్న లెక్క కూడా దస్త్రంలో పెట్టు. చాట్ రేపు ఉండకపోవచ్చు.

సర్దార్ల విషయంలో సంఘాలు అడగాల్సింది ఇంకొకటి. ప్రమాద విచారణలో సర్దార్ రిపోర్టు పుస్తకంతో పాటు, ఆ వారం ఆ ఫేసుకు ఇచ్చిన ఉత్పత్తి టార్గెట్ కాగితం, ఆసరాల కోసం పెట్టిన ఇండెంటు కాగితం కూడా మొదటిరోజే బల్ల మీదికి రావాలి. ఇండెంటులో ఎన్ని బోల్టులు అడిగారు, ఎన్ని వచ్చాయి, ఏ తేదీన వచ్చాయి అన్నది సర్దార్ సంతకం కన్నా ముందు చదవాలి.